ట్యూషన్ గురించి అందరూ అడిగే ప్రశ్నలు: రెండో తరగతి పిల్లల నుంచి రిటైరైన పెద్దవాళ్ల దాకా

నేను విశాఖపట్నంలో డిగ్రీ మూడో ఏడు మ్యాథ్స్ చదువుతున్నాను. పగలు కాలేజీ, సాయంత్రం మద్దిలపాలెం, ఇసుకతోట, ఎంవీపీ కాలనీ చుట్టుపక్కల ట్యూషన్లు. నా దగ్గర చదువుకునేవాళ్లలో రెండో తరగతి పాప ఉంది, ఓపెన్ టెన్త్‌కి కట్టిన ఇద్దరు పిల్లల తల్లి ఉన్నారు, బ్యాంకు యాప్ నేర్చుకుంటున్న రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఫోన్ చేసేవాళ్లు ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది చదివాక కూడా ఫీజు తగ్గించమని అడిగేవాళ్లు ఉంటారని తెలుసు. దానికీ కింద జవాబు ఉంది.

నువ్వే ఇంకా చదువుకుంటున్నావు కదమ్మా, మా పిల్లలకి ఏం చెప్తావు?

అడగాల్సిన మాటే. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్న మాస్టారికి ఉండే పట్టు నాకు లేదు, ఉందని చెప్పుకోను కూడా. ఇంటర్ కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ తీసుకోను. పదో తరగతి దాకా మ్యాథ్స్, సైన్స్, ఇంగ్లీషు. ఇంటర్‌కి మ్యాథ్స్ ఒక్కటే. చిన్నపిల్లలకీ పెద్దవాళ్లకీ తెలుగు చదవడం, రాయడం. పెద్దవాళ్లకి ఫోన్ వాడకం. ఇవి చెప్పగలను. సైన్ తీటా అనగానే బుర్ర తిరగడం నాకు నిన్నమొన్నటి సంగతే కాబట్టి, పిల్లలు ఎక్కడ తడబడతారో తొందరగా పట్టుకుంటాను.

ఆరేళ్ల పిల్లకీ అరవై ఏళ్ల పెద్దాయనకీ ఒకేలా చెప్తారా?

చెప్పే తీరు వేరు. మొదలుపెట్టే చోటు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఇంతవరకూ ఏం వచ్చు, ఎక్కడ ఆగిపోతోంది? అది తేలకుండా పుస్తకం తెరవను. ఏ క్లాసో అడిగి ఆ క్లాసు పాఠం మొదలుపెట్టేస్తే చాలాసార్లు టైమ్ వేస్టు. తొమ్మిదో తరగతి అబ్బాయికి భిన్నాలు రాకపోవచ్చు. బడి ముఖం చూడని రైతుబజారు ఆవిడకి నోటి లెక్క నాకన్నా వేగంగా రావచ్చు.

వయసు కన్నా, ఎందుకొచ్చారన్న దాన్ని బట్టే చెప్పే పద్ధతి మారుతుంది. చిన్నపిల్లలు వాళ్లంతట వాళ్లు రారు, అమ్మ పంపిస్తే వస్తారు. కాబట్టి పది నిమిషాలకోసారి పని మార్చాలి, మధ్యలో ఒకసారి లేచి తిరగనివ్వాలి. టెన్త్ వాళ్లకి మార్చి నెల తప్ప ఇంకేమీ కనపడదు. పెద్దవాళ్లు ఒక పని మనసులో పెట్టుకుని వస్తారు. పెన్షన్ పడిందన్న మెసేజ్ సొంతంగా చదువుకోవాలి, అమెరికాలో ఉన్న మనవడికి ఫోటో పంపాలి. ఆ పని మొదటి రోజే కొంతైనా జరగాలి. "ముందు బేసిక్స్ చూద్దాం" అని నెల రోజులు సాగదీస్తే మర్యాదగా మానేస్తారు, కారణం కూడా చెప్పరు.

పెద్దవాళ్లకి ఇంకో ఇబ్బంది సిగ్గు. తప్పు చెప్తే పాప నవ్వేస్తుంది, పెద్దాయన మాట మార్చేస్తారు. అందుకే పెద్దవాళ్లని పిల్లలతో కలిపి కూర్చోబెట్టను.

మొదటి రోజు పాఠమేమీ చెప్పరట, నిజమేనా?

నిజమే. మొదటి రోజు నేను అడుగుతాను, వాళ్లు చేస్తారు. ఊరికే మార్కులు వేయడానికి పెట్టే టెస్టు కాదది. ఒక లెక్క చూడండి.

402లోంచి 178 తీసేయమంటే ఒక నాలుగో తరగతి బాబు 376 అని రాశాడు. ఇంట్లో అయితే "అజాగ్రత్త" అనేసి ఇంకో పది తీసివేతలు ఇస్తారు. కానీ ఆ 376 ఎలా వచ్చిందో చూస్తే అందులో అజాగ్రత్త ఏమీ లేదు. ఒకట్ల స్థానంలో 2, 8 ఉన్నాయి. పెద్దదాంట్లోంచి చిన్నది తీశాడు, 6. పదుల్లో 0, 7. మళ్లీ అంతే, 7. వందల్లో 4లోంచి 1 పోతే 3. వాడికి ఒక రూలు ఉంది, దాన్ని పద్ధతిగా పాటించాడు. కాకపోతే ఆ రూలు తప్పు. ఇంకో పది లెక్కలు ఇస్తే ఆ తప్పు రూలే ఇంకా గట్టిపడుతుంది.

అప్పుడు నేను "తప్పు" అనను. "వచ్చిన 376కి ఆ 178 మళ్లీ కలిపి చూడు" అంటాను. 554 వస్తుంది. 402 రావాలి కదా అని వాడే ముఖం చిట్లిస్తాడు. అక్కడి నుంచి పాఠం. వంద కాగితం ఒకటి, పది నోట్లు కొన్ని, రూపాయి బిళ్లలు కొన్ని పెట్టి, వందని చిల్లర మార్చి, అందులో ఒక పదిని మళ్లీ చిల్లర మారిస్తే 'అప్పు తెచ్చుకోవడం' ఎందుకో చేతికి తెలుస్తుంది. 224 అని రాశాక మళ్లీ 178 కలిపి సరిచూసుకోమంటాను. ఆ సరిచూసుకునే అలవాటు ఒక్కటి వస్తే తీసివేతలకి నా అవసరం ఉండదు.

మావాడు ఎక్కాలు గడగడా అప్పజెప్తాడు, భిన్నాలు మాత్రం రావు. ఎందుకు?

ఎక్కాలు నోటికి వస్తాయి, భిన్నం అలా రాదు. మూడో వంతుకి నాలుగో వంతు కలపమంటే చాలామంది పైవి పైవి, కిందవి కిందవి కలిపేసి 2/7 అంటారు. క.సా.గు. తీయమని పద్ధతి చెప్పేస్తే ఆ రోజుకి గట్టెక్కుతారు, నెల తర్వాత మళ్లీ 2/7.

నేనైతే వాళ్ల పద్ధతినే ఇంకో లెక్కకి వాడమంటాను. అర దోసెకి ఇంకో అర దోసె కలుపు. పైవి కలిపితే 2, కిందవి కలిపితే 4. 2/4 అంటే మళ్లీ అర దోసె! రెండు అర దోసెలు తింటే కడుపులో పడింది అర దోసేనా? ఇక్కడ నవ్వని పిల్లల్ని నేను చూడలేదు. నవ్వాక, ముక్కల సైజు ఒకటి కాకుండా లెక్కపెట్టకూడదని వాళ్ల నోటితోనే వస్తుంది. క.సా.గు. ఆ తర్వాత చెప్పినా పర్వాలేదు.

చెప్పినప్పుడు అర్థమైందంటుంది, పరీక్షలో అన్నీ మర్చిపోతుంది. ఏం చేయాలి?

మర్చిపోవడం జబ్బేమీ కాదు. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల జట్లు తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. మర్చిపోవడంలో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే జరిగిపోతుందనీ, మధ్యలో విరామం ఇస్తూ మళ్లీ మళ్లీ చదివితే ఎక్కువ నిలుస్తుందనీ ఆయన చూపించాడు.

నా దగ్గర ప్రతి క్లాసూ పుస్తకం మూసి మొదలవుతుంది. మొన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి, పోయిన నెలది ఒకటి ప్రశ్నలు వేస్తాను, తెల్లకాగితం మీద రాయాలి. నోట్సు మళ్లీ చదవడం కన్నా ఇది కష్టం. పిల్లలకి నచ్చదు కూడా. చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, కాగితం ముందు పెట్టుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. ఇంట్లో మీరు చేయగలిగింది కూడా ఇదే. "చదివావా?" అని అడగకండి. "ఇవాళ్టిది నాకు చెప్పు" అనండి. మీకు ఆ పాఠం తెలియకపోయినా పర్వాలేదు, ఆగి ఆగి చెప్తోందంటే మీకే అర్థమవుతుంది.

గంటకి ఫీజు ఇస్తుంటే మీరు పెద్దగా చెప్పరేంటి? పిల్లాడే మాట్లాడుతున్నాడు!

పక్క గదిలో కూర్చుని విన్న తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది. గట్టు మీద కూర్చుని చూస్తే ఈత రాదు కదండీ. బోర్డు మీద నేను చకచకా చేసుకుంటూ పోతే చూసేవాళ్లకి ముచ్చటగా ఉంటుంది, పిల్లాడు తల ఊపుతాడు, అందరికీ సంతోషం. పెన్ను వాడి చేతిలో ఉంటేనే వాడి బుర్రలో ఏం జరుగుతోందో నాకు కనపడుతుంది. వాడు ఆగిపోయిన చోట ఒక్కోసారి రెండు నిమిషాలు నేనూ ఊరుకుంటాను. ఆ నిశ్శబ్దం పక్క గదిలో వాళ్లకి కంగారుగా ఉంటుందని తెలుసు. కొంచెం ఓర్చుకోండి.

బడిలో ఇంగ్లీషు మీడియం. మీరు తెలుగులో చెప్తే పాడైపోదా?

పాడవదు. మన రాష్ట్రంలో ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో వస్తున్నాయి, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే పాఠం తెలుగులో. చాలా ఇళ్లలో ఆ తెలుగు పేజీని ఎవరూ చూడరు. నేను ముందు తెలుగు పేజీ చదివించి, సంగతేంటో తెలుగులోనే మాట్లాడించి, ఆ తర్వాత ఇంగ్లీషు పేజీ తీస్తాను. జవాబు మాత్రం ఇంగ్లీషులోనే రాయాలి, వాళ్ల సొంత వాక్యాల్లో, గ్రామర్ తప్పులున్నా సరే. గైడులో జవాబు బట్టీపట్టి రాసిన పిల్లని అందులో ఒక్క మాటకి అర్థం అడిగితే దొరికిపోతుంది.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. మన ఉత్తరాంధ్ర మనిషే, గిడుగు రామమూర్తి పంతులుగారు సవర అనే గిరిజన తెగ పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని ముందు తనే సవర భాష నేర్చుకున్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, దండలు వేస్తాం. ఆయన పద్ధతి మాత్రం మన ఇళ్లలోకి ఇంకా రాలేదు.

సైన్స్ ఎలా చెప్తారు?

వీలైనంతవరకు వైజాగ్‌లో దొరికేవాటితోనే. తొమ్మిదో తరగతిలో తేలడం, మునగడం పాఠం వచ్చినప్పుడు ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గరికి వెళ్లి రమ్మంటాను. 1969లో నేవీలో చేరి, 2001లో విధుల్లోంచి తప్పుకుని, 2002లో మ్యూజియం అయింది. మన పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు లోపలికి వెళ్లినవాళ్లే, ఫోటోలు దిగినవాళ్లే. కానీ "అంత ఇనుము నీళ్లలో ఎలా తేలింది? తేలేది మళ్లీ ఎలా మునిగింది?" అంటే ఒక్కరూ చెప్పరు. ట్యాంకుల్లోకి నీళ్లు వదిలితే బరువు పెరిగి మునుగుతుంది, గాలిని ఒత్తిడితో పంపి ఆ నీళ్లు బయటికి నెట్టేస్తే పైకి లేస్తుంది. ఇంటికొచ్చి వాటర్ బాటిల్లో సగం నీళ్లు పోసి, తర్వాత నిండా పోసి, బకెట్లో వేసి చూస్తారు. ఆ తర్వాత ఆర్కిమెడిస్ సూత్రాన్ని బట్టీపట్టించాల్సిన పని ఉండదు.

ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ చెప్తారా?

చెప్పను. కోచింగ్ సెంటర్లు 16 ఏళ్లలోపు పిల్లల్ని చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖే మార్గదర్శకాలు ఇచ్చింది. నాలాంటి చిన్న ట్యూషన్‌కి అవి వర్తించవు, అయినా దాని వెనక ఉద్దేశం నాకు నచ్చింది. ఆరో తరగతిలో దశాంశాలు, శాతాలు గట్టిగా వస్తే అదే ఫౌండేషన్.

ఈఏపీసెట్‌కి సాయం చేస్తారా?

మ్యాథ్స్ వరకు. ఇంజనీరింగ్ వాళ్లు రాసే పేపర్లో మొత్తం 160 ప్రశ్నల్లో 80 మ్యాథ్సే, సమయం మూడు గంటలు, తప్పు రాస్తే మార్కులు తగ్గవు. అందుకని ఒక్క ప్రశ్న కూడా వదలకుండా గుర్తించడం, ఏ లెక్కని పక్కన పెట్టి ముందుకెళ్లాలో తెలుసుకోవడం మీద ఎక్కువ పని చేయిస్తాను. జేఈఈ మెయిన్‌లో తప్పుకి మార్కు పోతుంది, అక్కడ ఈ లెక్క పనికిరాదు.

కొంచెం భయం ఉండాలి కదా. రెండు దెబ్బలు వేసినా మేమేం అనుకోం.

నేను అనుకుంటాను. బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. ట్యూషన్‌లో మాత్రం ఎందుకు ఉండాలి? పైగా భయపడే పిల్ల తప్పు దాచేస్తుంది. ఆ తప్పు కనపడకపోతే నేను చెప్పేదేమీ లేదు.

నాకు నలభై దాటాయి. టెన్త్ మధ్యలో ఆపేశాను. ఇప్పుడు రాయొచ్చా?

రాయొచ్చు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కనీస వయసు 14, పై వయసుకి పరిమితి లేదు. మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ఉంది, కేంద్రం నడిపే ఎన్‌ఐఓఎస్ ఉంది. ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి చేరితే ఐదేళ్లపాటు చెల్లుతుంది, ఈలోగా తొమ్మిదిసార్లు పరీక్ష రాసుకోవచ్చు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. అంటే ఐదు సబ్జెక్టులూ ఒకేసారి నెత్తిన వేసుకోకుండా ఈసారి రెండు, వచ్చేసారి రెండు అని పంచుకోవచ్చు. ఉద్యోగం, వంట, పిల్లలు ఉన్నవాళ్లకి ఇదే మంచిదని నా అభిప్రాయం.

మీలాంటివాళ్లకి పాఠం కన్నా ముందు రాసే వేగం సమస్య అవుతుంది. ఏళ్ల తరబడి పెన్ను పట్టని చెయ్యి అరగంటకే లాగేస్తుంది. అందుకని మొదటి వారాల్లో రోజూ ఒక పేజీ ఏదో ఒకటి రాయమంటాను, పచ్చడి చేసే విధానమైనా సరే. ఇంట్లో కుదరకపోతే ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, అక్కడ కూర్చుంటే ఎవరూ "ఒక్క టీ పెట్టు" అనరు.

మా అమ్మమ్మకి అక్షరాలే రావు. ఈ వయసులో నేర్పగలరా?

అఆలతో మొదలుపెట్టకపోతే నేర్పగలను. 56 అక్షరాలు వరసగా దిద్దించే ఓపిక ఏడు పదుల వయసులో ఎవరికి ఉంటుంది? మొదటి మాట ఆవిడ పేరు. రెండోది ఆవిడ ఎక్కే బస్సు బోర్డు. గాజువాకలో చెల్లెలు ఉంటే 'గాజువాక'. ఆ ఒక్క మాటలో గ, జ, వ, క నాలుగు అక్షరాలు, ఒక దీర్ఘం, ఒక కొమ్ము వచ్చేశాయి. వాటిని అటూ ఇటూ మారిస్తే గాజు, వాగు, జావ, కాజా. తనకి రోజూ తెలిసిన మాటలు తనే కూడబలుక్కుని చదివేటప్పుడు ఆవిడ ముఖం చూడాలి. తర్వాత సింహాచలం, మద్దిలపాలెం. సున్నా, ఒత్తులు ఆ బోర్డుల్లోనే దొరుకుతాయి.

పెద్దవాళ్లకి తమ బతుకుకి సంబంధించిన మాటలతో చదువు చెప్తే ఎంత దూరం పోతుందో 1990లలో నెల్లూరు జిల్లా చూపించింది. అక్కడి సారా వ్యతిరేక ఉద్యమానికి అక్షరాస్యత తరగతులే ఊపిరి పోశాయి. మా అమ్మమ్మలు సారా దుకాణాలు మూయించకపోయినా, తప్పు బస్సు ఎక్కకుండా ఉంటే చాలు నాకు.

మా నాన్నగారికి ఫోన్‌లో డబ్బులు పంపడం నేర్పుతారా?

నేర్పుతాను. రెండు షరతులు. ఫోన్ ఆయన చేతిలోనే ఉండాలి, నేను ముట్టుకోను. పిన్ నాకు గానీ, మీకు గానీ చెప్పకూడదు. కొడుకులు, కూతుళ్లు చేసే పనేంటంటే ఫోన్ లాక్కుని టకటకా నొక్కేసి "చూశావా నాన్నా, ఇంతే" అంటారు. ఆయన చూసింది మీ వేలు తప్ప ఇంకేం లేదు.

మొదటి క్లాసులో ఎవరికో ఒకరికి రూపాయి పంపిస్తాం, వాళ్లు తిరిగి రూపాయి పంపిస్తారు. ఇక్కడే అసలు పాఠం. డబ్బు పంపేటప్పుడు పిన్ కొట్టాం, వచ్చేటప్పుడు కొట్టలేదు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్‌తో పని లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు. "మీకు డబ్బు పడుతుంది, పిన్ కొట్టండి సార్" అని ఎవరైనా అంటే అది మోసమే. ఈ మాట చెప్తే గుర్తుండదు, రూపాయి అటూ ఇటూ తిప్పితే గుర్తుంటుంది. 1930 నంబరు ఫోన్‌లో "సైబర్ మోసం" అని తెలుగులో సేవ్ చేయిస్తాను. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా దానికే ఫోన్ చేయాలి.

ఆయన ప్రతి స్టెప్పూ తన చేతిరాతతో ఒక చిన్న డైరీలో రాసుకుంటారు. యాప్ అప్‌డేట్ అయి బటన్ చోటు మారితే ఆ పేజీ కొట్టేసి మళ్లీ రాసుకోవాలి. దానికి విసుక్కునేది సాధారణంగా పిల్లలే, పెద్దవాళ్లు కాదు.

స్పోకెన్ ఇంగ్లీష్?

ఉద్యోగం ఏంటో చెప్తే దాన్నిబట్టి. రుషికొండ వైపు హోటళ్లలో పనిచేసేవాళ్లకి కావలసిన వాక్యాలు వేరు, ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకి కావలసినవి వేరు. ముప్పై రోజుల్లో గడగడా మాట్లాడించేస్తానని మాత్రం చెప్పలేను.

ఇప్పుడు ఏఐ యాప్‌లు లెక్కలు చేసిపెడుతున్నాయి కదా, ట్యూషన్ ఎందుకు?

జవాబు కావాలంటే అవసరం లేదు. నేను కూడా వాడతాను, కొత్త ప్రశ్నలు తయారుచేయడానికి. పిల్లలకి నా నియమం ఒకటే. ముందు కాగితం మీద నీ ప్రయత్నం ఉండాలి, ఆ తర్వాతే యాప్. అది చెప్పిన జవాబులో తప్పు పట్టుకుంటే ఆ రోజు హోంవర్క్ మాఫీ. దీని కోసమే కొందరు హోంవర్క్ కన్నా ఎక్కువ కష్టపడుతున్నారు!

మార్కులు పెరుగుతాయని గ్యారంటీ ఇస్తారా?

ఇవ్వను. నెలకోసారి మొదటి రోజు కాగితం, ఇవాళ్టి కాగితం పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మార్పు కనపడకపోతే మానేసి ఇంకొకరి దగ్గర చేర్పించండి, నేనేమీ అనుకోను.

ఫీజు ఎంత? తగ్గిస్తారా?

వారానికి మూడు రోజులు, రోజుకి గంట. పదో తరగతి దాకా నెలకి 1,500, ఇంటర్ మ్యాథ్స్‌కి 2,000. పెద్దవాళ్లకి నెల లెక్క కాదు, వచ్చిన రోజుకి 100. అక్షరాలు నేర్చుకునే అమ్మమ్మల దగ్గర తీసుకోను. అన్నదమ్ములు ఇద్దరైతే రెండోవాళ్లకి సగం. నిజంగా ఇబ్బంది ఉంటే చెప్పండి, మాట్లాడుకుందాం. కొత్త బైక్ మీద వచ్చి బేరమాడితే మాత్రం తగ్గించను.

ఇంటికి వచ్చి చెప్తారా?

పెద్దవాళ్ల కోసం వస్తాను, నడిచి వెళ్లగలిగేంత దూరమైతే. ఇంట్లో ఇంకొకరు ఉండాలి, హాల్లో కూర్చుని చెప్తాను, తలుపు తీసి ఉండాలి. రాత్రి ఎనిమిదికల్లా నేను మా ఇంట్లో ఉండాలి, ఇందులో మా అమ్మ మాటే ఫైనల్. పిల్లలు మా ఇంటికే రావాలి.

మీకు సెమిస్టర్ పరీక్షలు వస్తే?

ముందు నెలలోనే తేదీలు చెప్తాను, ఆ వారాలకి ఫీజు తీసుకోను. తుపాను సెలవులకీ అంతే. టెన్త్ వాళ్లకి మాత్రం ఆ రోజుల్లో రాత్రి ఫోన్‌లో ఒక పావుగంట, డౌట్ల వరకు.

మొదటి రోజు ఏం తీసుకురావాలి?

రఫ్ నోటుబుక్కు. ఫెయిర్ నోట్సు వద్దు, అందులో టీచర్ రాయించిన జవాబులే ఉంటాయి. మార్కులు తక్కువొచ్చిన పాత ఆన్సర్ షీటు ఉంటే అది కూడా, ఎర్ర సిరా ఎంత ఎక్కువుంటే అంత మంచిది. పెద్దవాళ్లు కళ్లజోడు మర్చిపోకుండా తెచ్చుకోవాలి.